ఫోను పట్టే చిన్న క్రోషే సంచి: సాగిపోకుండా అల్లడం ఎలా?

భుజం మీదుగా ఏటవాలుగా వేసుకునే చిన్న ఫోను సంచి గురించి అడిగేవాళ్ళందరివీ దాదాపు రెండే ప్రశ్నలు. ఎన్ని గొలుసులతో మొదలుపెట్టాలి? ముచ్చటపడి అల్లుకున్న సంచి నెల తిరగకుండానే ఎందుకు వేలాడిపోతోంది? మొదటి ప్రశ్నకు జవాబు మీ ఫోను కొలతల్లో ఉంది, రెండోదానికి జవాబు దాని బరువులో ఉంది. పెద్ద ఫోను కవరుతో కలిపి 200 గ్రాములకు పైగానే తూగుతుంది. మనం నడుస్తున్నంతసేపూ ఆ బరువు సంచి అడుగునూ పట్టీనీ కిందికి గుంజుతూ ఉంటుంది. ఉచ్చులో నుంచి ఉచ్చు లాగి అల్లే క్రోషేకు సాగడం సహజగుణం కనుక, దారం ఎంపిక దగ్గర నుంచి పట్టీ కుట్టే చివరి కుట్టు దాకా ఆ సాగుడును అడ్డుకోవడమే ఇక్కడ అసలు పని. నా మొదటి సంచి చూడడానికి చక్కగానే కుదిరింది కానీ, వారం తిరిగేసరికి నడుము దగ్గర ఉండవలసిన ఫోను తొడ మీద కొట్టుకోవడం మొదలైంది. కింద చెప్పిన జాగ్రత్తల్లో సగం ఆ ఒక్క సంచి నేర్పినవే.

గొలుసు, సింగిల్ క్రోషే, స్లిప్ కుట్టు: ఈ మూడూ వస్తే చాలు. ఒక్క హెచ్చరిక మాత్రం ముందే చెప్పాలి. అమెరికా పద్ధతిలో సింగిల్ క్రోషే అనేదాన్నే బ్రిటిష్ పద్ధతిలో డబుల్ క్రోషే అంటారు. మీరు వేరే చోట నేర్చుకున్న పేరు ఏదైనా, ఇక్కడ సింగిల్ క్రోషే అంటే సూదిని కుట్టులోకి గుచ్చి దారం లాగి, సూది మీద ఉన్న రెండు ఉచ్చుల్లో నుంచి ఒకేసారి దారం లాగే పొట్టి కుట్టు. పొడుగు కుట్లు త్వరగా పెరుగుతాయి, కానీ వాటి మధ్య సందులు ఎక్కువ, సాగుడూ ఎక్కువ. ఫోను సంచికి అవి పనికిరావు.

కావలసినవి

నూలు దారం 100 గ్రాములు కావాలి. డీకే అని పిలిచే మధ్యరకం మందం దీనికి సరిగ్గా సరిపోతుంది. మెర్సరైజ్ చేసిన (రసాయన ప్రక్రియతో మెరుపు, బలం తెచ్చిన) నూలు దొరికితే ఇంకా మంచిది, ఎందుకంటే దానికి నూగు తక్కువ, గట్టిదనం ఎక్కువ. ఉన్ని వద్దు, అది సాగుతుంది. ఇంట్లో యాక్రిలిక్ దారమే ఉంటే వాడుకోవచ్చు కానీ, అప్పుడు లోపల గుడ్డ లైనింగ్ తప్పనిసరి అనుకోండి.

దారపు ఉండ మీద ఏ సైజు సూది సూచించారో చూసి, దానికంటే అర నుంచి ఒక మిల్లీమీటరు తక్కువ సైజు సూది తీసుకోండి. ఉండ మీద 4 మి.మీ. అని ఉంటే 3 లేదా 3.5 మి.మీ. సూది అన్నమాట. గొలుసు మొదలుపెట్టడానికి మాత్రం అంతకంటే అర మిల్లీమీటరు పెద్ద సూది ఇంకొకటి దగ్గర ఉంటే మేలు.

ఇవికాక కొలత టేపు, గుర్తుకు మార్కర్లు లేదా రెండు మూడు పిన్నీసులు, దారపు కొసలు దాచడానికి మొండి మొన ఉన్న పెద్ద కన్ను సూది, 1.5 సెం.మీ. వెడల్పున్న ఒక గుండీ, లైనింగ్‌కు కొంచెం పలుచని నూలు గుడ్డ. గుండీకి బదులు అయస్కాంతపు బటన్ పెట్టవచ్చా అని చాలామంది అడుగుతారు. పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం. అయస్కాంతం ఫోనులోని దిక్సూచిని తప్పుదారి పట్టించగలదు, సంచిలో నల్ల అయస్కాంత పట్టీ ఉన్న కార్డు పెడితే దానికీ మంచిది కాదు.

ముందుగా కొలత

దయచేసి ఈ భాగాన్ని దాటవేయకండి. ఎవరి చేతి బిగుతు వారిది. అదే దారం, అదే సూది ఇచ్చినా ఇద్దరి అల్లిక ఒకే కొలతకు రాదు. అందుకే ఎవరో చెప్పిన గొలుసుల లెక్క మీ ఫోనుకు సరిపోకపోతే తప్పు మీదీ కాదు, వాళ్ళదీ కాదు.

1. అసలు పనికి వాడబోయే సూదితోనే 25 గొలుసులు వేసి, సూది దగ్గరి నుంచి రెండో గొలుసులో మొదలుపెట్టి 24 సింగిల్ క్రోషేలు వేయండి. అలాంటివి ఓ 20 వరుసలు అల్లండి. నమూనా ముక్కను బల్ల మీద లాగకుండా పరిచి, అంచులు వదిలేసి మధ్యలో 10 సెం.మీ.కు ఎన్ని కుట్లు వచ్చాయో లెక్కపెట్టండి. డీకే నూలు, 3.5 సూదితో 20 కుట్ల దగ్గర రావచ్చు.

2. ఆ ముక్కను వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూడండి. కుట్ల మధ్య సందుల్లో నుంచి పెన్సిల్ మొన సులువుగా దూరిపోతే అల్లిక వదులుగా ఉన్నట్టే, సూది సైజు ఇంకొంచెం తగ్గించండి. అట్టముక్కలా బిగుసుకుని వంగకపోతే సైజు పెంచండి. రెండు చేతులతో లాగినప్పుడు కొంచెం సాగి, వదలగానే యథాస్థానానికి వచ్చేదే మనకు కావలసిన అల్లిక.

3. ఫోనును కవరుతో సహా కొలవండి. వెడల్పుకు మందం కలిపి, దానికి మరో 2 సెం.మీ. కలిపితే సంచిని బల్ల మీద పరిచినప్పుడు ఉండవలసిన వెడల్పు వస్తుంది. ఉదాహరణకు ఫోను 7.8 సెం.మీ. వెడల్పు, 1.2 సెం.మీ. మందం ఉంటే మొత్తం 11 సెం.మీ. మీ అల్లిక 10 సెం.మీ.కు 20 కుట్లయితే ఒక్కో వైపుకు 22 కుట్లు, చుట్టుకు 44 కుట్లు. ఇకపైన ఈ ఉదాహరణనే వాడతాను, మీ లెక్క వేరైతే అంకెలు మార్చుకోండి. ఒక వైపుకు ఎన్ని కుట్లు కావాలో, మొదట వేసే గొలుసులు కూడా సరిగ్గా అన్నే. సంచి ఎత్తుకు ఫోను పొడవు మీద 2 సెం.మీ. అదనంగా చాలు.

సంచి అల్లడం

అతుకు లేకుండా, అడుగు నుంచి పైకి గుండ్రంగా అల్లుకుంటూ పోయే పద్ధతి ఇది. రెండు ముక్కలు అల్లి పక్కలు కలిపి కుట్టడం కూడా ఒక పద్ధతే, కొత్తవాళ్ళకు అది తేలిగ్గా కనిపిస్తుంది. కానీ బరువు మోసేటప్పుడు మొదట నోరు తెరిచేది ఆ అతుకే.

4. జారుముడి వేసి, పెద్ద సూదితో 22 గొలుసులు వేయండి. ఇక్కడ పెద్ద సూది ఎందుకంటే, బిగుతు గొలుసు మీద అల్లితే సంచి అడుగు ముడుచుకుపోయి, పైభాగం గంటలా విచ్చుకుంటుంది. గొలుసు అయ్యాక చిన్న సూదికి మారండి.

5. సూది దగ్గరి నుంచి రెండో గొలుసులో మొదటి సింగిల్ క్రోషే వేసి, అక్కడికి మార్కర్ తగిలించండి. అలా గొలుసుకొకటి చొప్పున మొత్తం 20 వేశాక ఒక్క గొలుసు మిగులుతుంది; ఆ చివరి గొలుసులో మాత్రం 3 సింగిల్ క్రోషేలు వేయండి. ఆ మూడూ వేస్తుండగానే పని దానంతటదే మలుపు తిరిగి గొలుసు అడుగు అంచు పైకి వస్తుంది. ఇప్పుడు ఆ రెండో అంచు వెంట 19 సింగిల్ క్రోషేలు వేసుకుంటూ వచ్చి, మీరు మొట్టమొదట కుట్టు వేసిన గొలుసులోనే ఇంకో 2 వేయండి. 20, 3, 19, 2 కలిపితే 44. లెక్క సరిపోకపోతే ఇక్కడే విప్పి మళ్ళీ వేయండి. ఈ చుట్టులో పోయిన కుట్టును పై చుట్టుల్లో సర్దుదామనుకుంటే సంచి వంకర పోతుంది.

6. చుట్టు ముగిసినా కలపవద్దు, తిప్పవద్దు. మార్కర్ ఉన్న కుట్టులోకే నేరుగా వెళ్ళి, మార్కర్‌ను కొత్త కుట్టుకు మార్చి, కుట్టుకొక సింగిల్ క్రోషే చొప్పున చుట్టూ అల్లుకుంటూ పొండి. పెంచడం, తగ్గించడం ఏమీ లేదు. ప్రతి చుట్టుకూ మార్కర్‌ను పైకి జరపండి. మొదటి అయిదారు చుట్టుల్లో ప్రతిసారీ 44 ఉన్నాయో లేదో లెక్కపెట్టండి, ఆ తర్వాత చేయి అలవాటు పడుతుంది.

ప్రతి కుట్టు పైనా 'వి' ఆకారంలో రెండు దారాలు కనిపిస్తాయి. సూది ఆ రెండింటి కింది నుంచి వెళ్ళాలి. ఒక్క దారం కింది నుంచే గుచ్చితే పని హాయిగా సాగుతుంది, అల్లిక మీద గీతలు గీతలుగా అందంగా కూడా ఉంటుంది; కానీ ఆ గీతల దగ్గరే సంచి సాగుతుంది.

7. నాలుగో చుట్టు అయ్యాక ఆగి, సంచి ఏ వైపు బయటికి ఉందో చూడండి. బయటి వైపు చిన్న చిన్న 'వి'లు నిలువుగా పేర్చినట్టు కనిపించాలి. వాటి మధ్య అడ్డగీతలు కనిపిస్తుంటే మీరు సంచిని లోపలి నుంచి అల్లుతున్నారన్నమాట. దీన్ని తప్పనుకుని విప్పకండి. సాక్సు తిరగేసినట్టు తిరగేసి, సూది మీ వైపు ఉన్న అంచు మీదే నడిచేలా కొనసాగించండి.

8. ఎత్తు 5 సెం.మీ. కాగానే ఫోనును కవరుతో సహా లోపలికి దించండి. కొంచెం ఒరుసుకుంటూ దిగాలి, మీరు నెట్టవలసిన అవసరం రాకూడదు. దించాక పక్కన రెండు వేళ్ళు పడితే సంచి వదులు. మొదలుకు వెళ్ళి రెండు గొలుసులు తగ్గించుకోవడమే దారి. ఆ రెండు గొలుసులతో చుట్టులో నాలుగు కుట్లు తగ్గుతాయి. వాడుకలో ఎలాగూ సాగుతుంది గనుక కొంచెం బిగువుగా ఉన్నా పరవాలేదు. ఇప్పుడు విప్పితే పోయేది ఒక గంట. అల్లడం పూర్తయ్యాక విప్పడానికి ఎవరికీ మనసొప్పదు, అలాంటి సంచులే అలమారలో మూల పడి ఉంటాయి.

9. కావలసిన ఎత్తు వచ్చేదాకా అల్లండి. చుట్టుల లెక్క కంటే టేపును నమ్మండి.

మూత

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. మార్కర్ ఉన్న చోటే సంచి పక్క అంచు అనుకుని, అక్కడి నుంచి మూత మొదలుపెడతారు, తీరా చూస్తే మూత ఒక మూలకు జరిగి ఉంటుంది. కారణం చాలా మామూలుది. కుడిచేత్తో గుండ్రంగా అల్లినప్పుడు ప్రతి సింగిల్ క్రోషే కింది కుట్టుకు కొద్దిగా కుడివైపున కూర్చుంటుంది. ఒక్క చుట్టులో అది కంటికి ఆనదు. నలభై చుట్టులు ఎక్కేసరికి మార్కర్ల వరుస ఏటవాలుగా జరిగిపోయి ఉంటుంది. ఎడమచేతివారికి ఇదే వాలు ఎడమవైపుకు తిరుగుతుంది.

10. కాబట్టి మార్కర్‌ను పట్టించుకోకుండా, లోపల ఫోను పెట్టి సంచిని బల్ల మీద బోర్లా పరచండి. అడుగు గొలుసు మొదలు, చివరలకు సూటిగా పైన, రెండు పక్క మడతల దగ్గర రెండు పిన్నీసులు గుచ్చండి. ముందువైపు 22, వెనుకవైపు 22 కుట్లు ఉన్నాయేమో లెక్క చూసుకోండి. తర్వాత ఫోను తీసి, వెనుకవైపు మొదలయ్యే పిన్నీసు దాటి ఒక కుట్టు వరకూ మామూలుగా అల్లుకుంటూ రండి.

11. అక్కడి నుంచి వెనుకవైపు 20 సింగిల్ క్రోషేలు వేసి, ఒక గొలుసు వేసి పనిని తిప్పండి. ఇక నుంచి అటూ ఇటూ తిప్పుకుంటూ వరుసలుగా అల్లాలి. తిప్పేటప్పుడు వేసే ఆ గొలుసును కుట్టుగా లెక్కపెట్టకూడదు, వరుసలోని మొట్టమొదటి కుట్టులోనే సింగిల్ క్రోషే వేయాలి. దాన్ని వదిలేస్తే వరుసకొక కుట్టు పోయి మూత త్రికోణమవుతుంది. గొలుసులో కూడా కుట్టు వేస్తే విసనకర్రలా విచ్చుకుంటుంది. మూత మీద అల్లిక సంచి మీది అల్లికకంటే కొంచెం వేరుగా కనిపిస్తుంది. అది తిప్పి అల్లడం వల్ల వచ్చేదే, దోషం కాదు.

12. మూత 6 సెం.మీ. వచ్చాక వరుసకు రెండు చివర్లా రెండేసి కుట్లను ఒకటిగా కలిపి అల్లి, ఒక్కో కుట్టు తగ్గిస్తూ నాలుగు వరుసలు అల్లండి. 20 కాస్తా 12 అవుతాయి. తర్వాతి వరుసలో 5 సింగిల్ క్రోషేలు, 4 గొలుసులు వేసి, రెండు కుట్లు వదిలి, మిగిలిన 5 వేయండి. ఆ పై వరుసలో 5 కుట్లు వేసి, గొలుసు ఉచ్చులో 4 సింగిల్ క్రోషేలు వేసి, మిగతా 5 పూర్తి చేయండి. ఇదే గుండీ రంధ్రం. దారం తెంపకముందే గుండీని దూర్చి చూడండి. గుండీ కొంచెం బలవంతం మీద దూరితేనే మంచిది, ఎందుకంటే పది రోజుల వాడుకలో రంధ్రం తప్పకుండా వదులవుతుంది.

13. మూత అంచు వెంట, సంచి నోటి వెంట ఒక చుట్టు స్లిప్ కుట్టు వేసి దారం తెంపండి. నోరు సాగకుండా పట్టి ఉంచేది ఈ చుట్టే. మరీ బిగించి వేస్తే నోరు ముడుచుకుని ఫోను పట్టదు కనుక, అయిదారు కుట్లకొకసారి ఫోను దించి చూసుకోవడం మేలు.

మూత అక్కర్లేదనుకుంటే 10 నుంచి 12 వరకూ వదిలేసి, వెనుకవైపు మధ్యలో 8 సెం.మీ. గొలుసు ఉచ్చు ఒకటి కుట్టి ముందువైపు గుండీకి తగిలించవచ్చు. ఫోను త్వరగా తీయవచ్చు. వాన నుంచి, దుమ్ము నుంచి కాపుదల మాత్రం ఉండదు.

పట్టీ

14. పట్టీ పొడవు టేపుతో మీ ఒంటి మీదే కొలవాలి. సంచి ఎడమ నడుము దగ్గర ఉండాలనుకుంటే, టేపును అక్కడి నుంచి ఛాతీ మీదుగా కుడి భుజం మీదికి తీసుకెళ్ళి, వీపు మీదుగా మళ్ళీ అక్కడికే తీసుకురండి. పెద్దవాళ్ళకు సాధారణంగా 110 నుంచి 130 సెం.మీ. మధ్య వస్తుంది. వచ్చిన కొలతలో 5 సెం.మీ. తగ్గించి అల్లండి, మిగతాది ఫోను బరువే చూసుకుంటుంది.

15. పట్టీని అడ్డంగా అల్లకండి. నాలుగైదు కుట్ల వరుసలను ఒకదానిపై ఒకటి పేర్చుకుంటూ పోవడం తేలికే కానీ, అలాంటి పట్టీ రబ్బరులా సాగుతుంది. నా తొడ మీద కొట్టుకున్నది అలాంటిదే. బదులుగా పట్టీ మొత్తం పొడవుకు ఒకే గొలుసు వేయండి; 115 సెం.మీ.కు, మన లెక్క ప్రకారం, 230 గొలుసులు, తిప్పడానికి ఇంకొకటి. దాని మీద పొడుగునా మూడు వరుసల సింగిల్ క్రోషే వేసి, తర్వాత రెండు పొడుగు అంచుల వెంటా స్లిప్ కుట్లు వేయండి. ఇరవై కుట్లకొక పిన్నీసు పెట్టుకుంటే లెక్క తప్పినా మొదటికి పోనక్కర్లేదు. ఇంకా గట్టిగా కావాలంటే పట్టీ వెనుక సన్నని నూలు టేపు పరిచి చేతికుట్టుతో కుట్టవచ్చు, అప్పుడిక అది దాదాపు సాగదు.

16. కుట్టే ముందు బరువు పరీక్ష తప్పనిసరి. 250 మి.లీ. నీళ్ళున్న, మూత గట్టిగా బిగించిన సీసా మీ ఫోను అంత బరువు ఉంటుంది. పట్టీ రెండు కొసలనూ సీసా మెడకు కట్టి, మధ్యభాగాన్ని తలుపు గడియకో కొక్కేనికో తగిలించి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున మళ్ళీ కొలిస్తే ఎంత సాగిందో తెలుస్తుంది. రెండు మూడు సెం.మీ. అయితే ఫరవాలేదు. అంతకంటే ఎక్కువ సాగితే ఇంకో వరుస స్లిప్ కుట్లు వేయాలి, లేదా టేపు కుట్టాలి.

17. పట్టీ మెలిక పడకుండా పొడుగునా పరిచి చూసుకుని, కొసలను సంచి పక్క మడతల దగ్గర లోపలి వైపు 3 సెం.మీ. కిందికి దించి కుట్టండి. నోటి అంచుకు మాత్రమే అంటించినట్టు కుడితే బరువంతా మూడు నాలుగు కుట్ల మీదే పడి, అక్కడ అల్లిక చెవిలా పైకి సాగుతుంది. నాలుగు వైపులా చతురస్రంగా కుట్టి, మధ్యలో మూల నుంచి మూలకు రెండు గీతలు కుడితే అది ఇక కదలదు.

లైనింగ్, ముగింపు పనులు

లైనింగ్ గురించి పొడుగ్గా చెప్పవలసింది లేదు. గుడ్డను ఉతికి ఆరబెట్టి, సంచి లోపలి కొలతకంటే అర సెం.మీ. చిన్నదిగా ఉండేలా కుట్టండి. అలా చిన్నదిగా ఉంటేనే బరువు గుడ్డ మీద పడి అల్లిక మీద పడదు, పెద్దదిగా కుడితే గుడ్డ లోపల ముద్దగా నలుగుతుంది తప్ప బరువు మోయదు. దాన్ని తిరగవేయకుండా సంచిలోకి దించి, నోటి అంచుకు ఒక సెం.మీ. కింద చిన్న కుట్లతో కలపండి. ఇయర్‌ఫోన్లు, తాళం చెవులు కూడా పెట్టేవాళ్ళకు లైనింగ్ లేకపోతే రోజూ ఏదో ఒకటి కుట్ల సందుల్లో తగులుకుంటుంది.

దారపు కొసలను కత్తిరించి వదిలేయకండి. కనీసం 10 సెం.మీ. కొస ఉంచి, మొండి సూదితో ఒక దిక్కుకు, మళ్ళీ వెనక్కి, ఇంకోసారి ముందుకు కుట్ల లోపలి నుంచి పోనిచ్చి అప్పుడు తెంపాలి. నూలు జారుడు దారం, ఒకే దిక్కుకు దాస్తే నెలలో బయటికి తొంగిచూస్తుంది.

గుండీని చివరన, ఫోను లోపల పెట్టి మూత మూసి, రంధ్రం ఎక్కడ ఆగుతుందో అక్కడ గుర్తు పెట్టి కుట్టండి. ఖాళీ సంచి మీద గుర్తు పెట్టిన గుండీ, ఫోను పెట్టాక మూతకు అందదు.

ఇప్పుడు సంచి వేసుకుని, ఫోను పెట్టుకుని ఇంట్లోనే పది నిమిషాలు తిరగండి, మెట్లుంటే ఎక్కి దిగండి. సంచి ఒక పక్కకు ఒరుగుతుంటే పట్టీ కొసలు రెండూ ఒకే ఎత్తులో కుట్టలేదన్నమాట. వంగినప్పుడు మూత తెరుచుకుంటే గుండీని అర సెం.మీ. కిందికి జరపండి. ఛార్జింగ్ పెట్టిన ఫోనును మాత్రం ఈ సంచిలో ఉంచకండి. మందపు అల్లిక, గుడ్డ కలిసి వేడిని బయటికి పోనివ్వవు.

మురికయినప్పుడు చల్లని నీళ్ళలో చేత్తో ఉతికి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, బల్ల మీద ఆకారం సర్ది నీడన ఆరబెట్టండి. పట్టీ పట్టుకుని తీగకు వేలాడదీయవద్దు. తడి నూలు బరువుకు, ఇన్నాళ్ళూ ఫోను సాగదీయలేని పట్టీ ఒక్క మధ్యాహ్నంలో సాగిపోతుంది.